గోడవైపు తిరిగిన ఉర్బానయ్య

ఆ మంగళవారం ఉదయం మార్లీజ్ పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. పొయ్యిలోంచి బాదం కేకు దించాలి. గ్లాసులు మరకల్లేకుండా తుడవాలి. పది గంటలకు వైను రుచి చూసేవాళ్ళ విలాసయాత్ర బస్సు వచ్చేలోగా, ముందుగదిలో గోడవైపు తిరిగి ఉన్న పునీత ఉర్బాను విగ్రహాన్ని ఇటు తిప్పాలి. కేకు దిగింది. గ్లాసులు మెరిశాయి. విగ్రహం భుజాల మీద చేతులు వేసేసరికి వెనకనుంచి మొగుడి గొంతు వినిపించింది.

"ఆయన్ని ముట్టుకోకు."

"గంటసేపే కదయ్యా. వచ్చినవాళ్ళు వెళ్ళగానే మళ్ళీ తిప్పేస్తాను."

"గంట కాదు, నిమిషం కూడా వద్దు. మా ఇద్దరి మధ్యకు నువ్వు రాకు," అనేసి ఆల్ఫోన్స్ సీసాలు తేవడానికి నేలమాళిగలోకి దిగిపోయాడు.

మిట్టెల్‌రెబ్ ఊళ్ళో ద్రాక్ష పండించే కుటుంబాలు ఇరవై మూడు. తోటల్ని కాచే ఉర్బానయ్య కొయ్య విగ్రహం ఒక్కటే. అందుకని ఆయన ఏడాదికొక ఇంట్లో ఉంటాడు. మే ఇరవై అయిదు ఆయన పండుగ. ఆ రోజు పాత ఇంటివాళ్ళు ఆయన్ని పల్లకిలో పెట్టి చర్చికి మోసుకెళ్ళి, పూజ అయ్యాక కొత్త ఇంటివాళ్ళకు అప్పగిస్తారు. ఈ ఏడు వంతు ఆల్ఫోన్స్ ఇంటిది. పోయినసారి ఉర్బానయ్య వాళ్ళ గడప తొక్కినప్పుడు మార్లీజ్ తలలో ఒక్క తెల్లవెంట్రుక కూడా లేదు.

ఏడాదంతా సవ్యంగానే గడిచింది. ఆల్ఫోన్స్ రోజూ పొద్దున్నే తోటకు వెళ్తూ ఆయనకు టోపీ ఎత్తి నమస్కారం పెట్టేవాడు. సాయంత్రం వచ్చి ఆ రోజు తోట సంగతులు నాలుగు ముక్కల్లో చెప్పేవాడు. ఏప్రిల్ ఇరవై రెండున ఆకాశం మరీ తేటగా ఉండి, చలి ముదురుతుంటే, ఆ విగ్రహం ముందు మోకరించాడు. తెల్లారి చూస్తే కొండవాలు తోటలో చిగురన్నది లేదు. రాత్రి మంచుకు అంతా కాల్చిన కాగితంలా నల్లబడిపోయింది. ఆల్ఫోన్స్ ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా ఉర్బానయ్యను గోడవైపు తిప్పేసి, కాఫీ తాగాడు. ఆ తరవాతి ఆదివారం నుంచి పూజకు వెళ్ళడం కూడా మానేశాడు.

"నలభై ఏళ్ళలో ఆయన్ని నేనేమీ అడగలేదు," అన్నాడు పెళ్ళాంతో. "మొన్న రెండు డిగ్రీల వెచ్చదనం అడిగాను. రెండే రెండు. ఇవ్వడానికి ఆయన సొమ్మేం పోయింది?"

మార్లీజ్‌కు జపమాల తెలుసు, పండుగల తేదీలు తెలుసు, దేవుడి లెక్కలు తెలియవు. అయినా మొగుడు నాస్తికుడైపోయాడని ఆమె బెంగపడలేదు. అలిగేది అయినవాళ్ళ మీదే కదా. లేనివాడి మీద ఎవరైనా ముఖం తిప్పుకుంటారా? ఆమె బెంగంతా గడువు గురించి. పండుగ రోజున ఉర్బానయ్య ఈ ఇల్లు దాటితే మళ్ళీ వచ్చేది ఇరవై మూడేళ్ళకు. ఆల్ఫోన్స్‌కు ఇప్పటికే అరవై ఆరు. ఈలోగా ఇద్దరికీ మాటలు కలవకపోతే ఎనభై తొమ్మిదో ఏట కలవాలి.

ముట్టుకోవద్దన్నాడు గాని కప్పొద్దనలేదు. అల్మరాలోంచి ఉతికిన బల్లగుడ్డ తీసి ఉర్బానయ్య మీద కప్పేసి తలుపు తీసింది.

బస్సులోంచి ఎనిమిదిమంది దిగారు. వాళ్ళ ముందు నడిచేది బాప్టిస్ట్, యాత్ర కంపెనీ పంపిన మార్గదర్శి. మెడకు పట్టు రుమాలు, నోటినిండా చరిత్ర. గుమ్మం రాయిని చూపించి ఒక శతాబ్దం చెప్పాడు. దూలాన్ని చూపించి ఇంకో శతాబ్దం చెప్పాడు. ఆ దూలం పాతది పుచ్చిపోతే మార్లీజ్ మామగారు మార్పించారు. పెద్దలు కట్టిన ఇంటి గురించి మెచ్చుకుంటుంటే అడ్డం పడటం బాగుండదని ఆమె ఊరుకుంది.

జెనీవా నుంచి వచ్చిన ముత్యాలహారం ఆవిడ తిన్నగా బల్లగుడ్డ దగ్గరకు వెళ్ళింది. "ఆవిష్కరణ మా చేత చేయిస్తారా? ఎంత మర్యాద," అంటూ గుడ్డ లాగేసింది.

ఉర్బానయ్య వీపు బయటపడింది.

"ఈయన గోడవైపు తిరిగి ఉన్నాడేమిటి?" అని ఆవిడ అడిగింది. ఎనిమిది జతల కళ్ళు మార్లీజ్ వైపు తిరిగాయి. మా ఆయన అలిగాడండీ అని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. బాప్టిస్ట్ నోరు అంతకుముందే తెరిచి ఉంది.

"ఇది ఈ ఇంటి మౌనవ్రతం," అన్నాడు గొంతు తగ్గించి. "మంచు పడిన రోజునుంచి పండుగ దాకా పునీతుడు లోకానికి వీపు పెట్టి తోటల కోసం ప్రార్థిస్తాడు. ఆ రోజుల్లో ఆయన ముఖం ఎవరూ చూడకూడదు. నాలుగు వందల ఏళ్ళ ఆచారం."

నిజానికి అది పదమూడు రోజుల ఆచారం. కానీ జెనీవా ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఆవిడ మెల్లగా వెళ్ళి ఉర్బానయ్య పక్కన తనూ గోడవైపు తిరిగి నిలబడింది. ఆవిణ్ణి చూసి తెల్లటోపీ ముసలాయన, ఆయన్ని చూసి మిగతావాళ్ళు. ఆల్ఫోన్స్ చంకలో నాలుగు రీస్లింగ్ వైను సీసాలతో పైకి వచ్చేసరికి అతని ఇంట్లో ఎనిమిదిమంది పెద్దమనుషులు వరసగా గోడకు ముక్కులు ఆనించి నిలబడి ఉన్నారు.

కాసేపు చూశాడు. "వీళ్ళ పంటలు కూడా పోయాయా?" అన్నాడు పెళ్ళాం చెవిలో.

"మాట్లాడకు. ప్రార్థన చేస్తున్నారు."

"గోడకా?"

ఆ రోజు అతిథులు కేకు తిన్నారు, వైను పుక్కిలించి మెచ్చుకున్నారు, కానీ బస్సెక్కుతూ మాట్లాడుకున్నది మాత్రం ఉర్బానయ్య వీపు గురించే. మార్లీజ్ గ్లాసులు కడుగుతూ ఆలోచనలో పడింది. అబద్ధం తను చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. ఈ రెంటి మధ్య సందులో ఎంత పాపం పడుతుందో ఫాదర్ గారిని అడగాలి. అడిగితే మొగుడి అలక సంగతి చెప్పాలి. కాబట్టి ఫాదర్ గారిని ఇప్పుడే అడగకూడదు.

రెండు రోజులకు కంపెనీ నుంచి ఫోను వచ్చింది. వచ్చే మంగళవారం పదహారుమంది వస్తున్నారు, పునీతుణ్ణి దయచేసి అలాగే ఉంచండి, అన్నారు. ఫోను పెట్టేసేసరికి పక్కింటి ఉగెట్ గుమ్మంలో ఉంది. ఈసారి పండుగకు ఉర్బానయ్యను అందుకోబోయేది ఆవిడే.

"మా వంటింట్లో అంతోనప్ప విగ్రహాన్ని నేనూ తిప్పేశాను వదినా," అంది ఉగెట్. "బస్సు నీ గుమ్మం ముందరే ఎందుకాగాలి?"

"అంతోనప్పకూ మంచుకూ ఏమిటే సంబంధం?"

"పోయినవి వెతికిపెట్టేది ఆయనే కదా. మా పంట పోయింది. వెతుకుతున్నాడు."

"గోడలోనా?"

"నీ ఉర్బానయ్య గోడలో నాలుగు వందల ఏళ్ళనుంచి చూస్తుంటే లేదు గాని, మావాడు నాలుగు రోజులు చూస్తే తప్పొచ్చిందా?"

వారం తిరిగేసరికి ఊళ్ళో పదమూడు ఇళ్ళలో విగ్రహాలు గోడవైపు తిరిగాయి. రొట్టెల దుకాణంలో మరియమాత తిరిగింది. మేయరు గారి ఆఫీసులో పునీతులెవరూ లేకపోవడంతో, ఆయన గణతంత్రానికి గుర్తుగా పెట్టే మరియాన్ బొమ్మను గోడవైపు తిప్పించాడు. పెళ్ళి నమోదు కోసం వచ్చిన ఒక జంట తమ పెళ్ళంటే ప్రభుత్వానికి ఇష్టం లేదేమోనని కంగారుపడి వెళ్ళిపోయింది.

ఆల్ఫోన్స్‌కు ఇదంతా చిరాకెత్తించింది. "ఆయనతో నేను మాట్లాడటం మానేస్తే ఊరంతా ఎందుకు మానేసింది?" అన్నాడు భోజనం దగ్గర.

"వాళ్ళు మానేయలేదు. మామూలుగానే మాట్లాడుతున్నారు, వీపుతో."

"సిగ్గులేకపోతే సరి. నాకు కోపం వచ్చింది, నేను తిప్పాను. వీళ్ళకేం వచ్చింది?"

"బస్సు వచ్చింది," అంది మార్లీజ్. "పోనీ, నీ కోపం ఇంకా ఎన్నాళ్ళు?"

ఆల్ఫోన్స్ రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకుంటూ ఉండిపోయాడు. తోటలో మాడిన కొమ్మల పక్కన రెండో చిగురు వేస్తోందని ఆమె చెప్పబోయింది. అతను రోజూ చూస్తున్నదే. చూసి కూడా ఆ మాట ఇంట్లో అనలేదంటే, అనడానికి ఇంకా సిద్ధపడలేదన్నమాట. ఆమె సూపు గిన్నె తీసి లోపల పెట్టింది.

మే పదిహేడో తేదీ ఆదివారం ఫాదర్ కొలెర్ వచ్చాడు. అయిదు ఊళ్ళకు ఆయనొక్కడే. మిట్టెల్‌రెబ్‌కు రెండు వారాలకొకసారి వస్తాడు. పూజ ముగించుకుని, మంచం పట్టినవాళ్ళకు సత్ప్రసాదం ఇవ్వడానికి ఇల్లిల్లూ తిరిగాడు. మొదటి ఇంట్లో పునీతుడి వీపు చూసి పట్టించుకోలేదు. మూడో ఇంటికి నెమ్మదించాడు. ఆరో ఇంట్లో వీపులు చూశాక తిన్నగా మార్లీజ్ దగ్గరకు వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"దాచకుండా చెప్పమ్మా. నామీద తిరుగుబాటేనా?"

"అయ్యో, అదేం లేదు ఫాదర్ గారూ."

"నాకు తెలుసు. పూజ పదింటినుంచి ఎనిమిదిన్నరకు మార్చినప్పటినుంచీ మీకు కోపంగా ఉంది. అయిదు ఊళ్ళు తిరగాలి తల్లీ, నేనూ మనిషినే. అయినా సరే, మీ మాటే కానీ. మళ్ళీ పదింటికే పెడతాను. వాళ్ళందర్నీ ఇటు తిప్పమని చెప్పు."

ఈసారైనా నిజం చెప్పేద్దామని మార్లీజ్ గుండె చిక్కబట్టుకుంది. "అసలు సంగతి ఏమిటంటే ఫాదర్ గారూ, మా ఆయన..." అనేలోపు కిటికీ బయట నిలబడి వింటున్న ఉగెట్, "పూజ పదింటికట," అంటూ వీధిలోకి పరుగెత్తింది.

సాయంత్రానికి ఊరంతా ఒక నమ్మకానికి వచ్చింది. పునీతుణ్ణి గోడవైపు తిప్పితే పనులవుతాయి. మూడేళ్ళుగా బతిమాలినా మారని పూజవేళ వారంలో మారింది. ఇంకా తిప్పనివాళ్ళు కూడా ఆ రాత్రికే తిప్పేశారు. ఒకాయన వీధిదీపం బాగుచేయించమని కాగితం రాసి మరీ పునీతుడి వీపుకు అంటించాడు.

పండుగ సోమవారం వచ్చింది. ఈసారి రెండు బస్సులు వచ్చాయి. జెనీవా ఆవిడ అక్కచెల్లెళ్ళను వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చింది. మేయరూ బాప్టిస్టూ ముందురోజే కూర్చుని ఊరేగింపు ఎలా నడవాలో తేల్చేశారు. ఉర్బానయ్యను పల్లకిలో వెనక్కి తిప్పి మోయాలి. దాని వెనక నడిచేవాళ్ళకు ఆయన ముఖం కనబడుతుంది. వ్రతకాలంలో ముఖం చూడకూడదు. కాబట్టి పల్లకి వెనక నడిచేవాళ్ళంతా వెనక్కి నడవాలి.

ఆ ఉదయం ఆల్ఫోన్స్ మంచి కోటు వేసుకోలేదు. తోటకు వేసుకునే చొక్కాతోనే గుమ్మానికి చేరబడ్డాడు.

"మోసేవాళ్ళలో ఇంటి యజమాని ముందుండాలి," అంది మార్లీజ్.

"మేయరు ఉంటాడులే."

"ఉర్బానయ్య మన ఇల్లు దాటిపోతున్నాడయ్యా. ఇంకోసారి వచ్చేసరికి నీకు ఎనభై తొమ్మిదేళ్ళు."

"అప్పటిదాకా ఉంటానని ఆయనేమైనా నీతో అన్నాడా?"

"అనలేదు. అందుకే చెప్తున్నాను."

ఆల్ఫోన్స్ నేల చూపు చూశాడు. ఒక్క క్షణం అతని చెయ్యి చొక్కా బొత్తాం మీదకు వెళ్ళింది, మళ్ళీ కిందికి జారింది. "ముందు ఆయన్నే నన్ను పలకరించమను," అన్నాడు.

మోసేవాళ్ళు నలుగురూ లోపలికి వచ్చారు. ముఖం చూడకూడదు గనక కళ్ళు మూసుకుని విగ్రహాన్ని ఎత్తారు. ఒకడు తలుపు గొళ్ళేన్ని ఢీకొన్నాడు, ఒకడు ఇంకొకడి కాలు తొక్కాడు. మార్లీజ్ వెనకనుంచి, "ఎడమకు, ఎడమకు, అది మా గడియారం," అని చెబుతూ బయటికి నడిపించింది. ఉర్బానయ్య ముఖాన్ని ఇంటివైపు పెట్టి పల్లకిలో నిలబెట్టారు. అందరికంటే ముందు శిలువ పట్టుకుని నడుస్తున్న ఫాదర్ కొలెర్‌కు వెనక ఏం జరుగుతోందో తెలియదు. ఆయన పాట ఎత్తుకున్నాడు, ఊరేగింపు కదిలింది.

పల్లకి వెనక బాకాలవాళ్ళు, వాళ్ళ వెనక ఊరు, ఊరి వెనక రెండు బస్సుల జనం, అందరూ వెనక్కి అడుగులు వేస్తున్నారు. పది గజాలు పోకముందే పెద్దబాకా ఊదే ఆయన రొట్టెల దుకాణం ముందున్న పూలతొట్టిలో కూర్చుండిపోయాడు. ఊదడం మాత్రం ఆపలేదు. ఆయన మీద ఉగెట్ పడింది, ఉగెట్ మీద జెనీవా ఆవిడ చెల్లెలు పడింది. పడ్డవాళ్ళు కూడా తలలు తిప్పకుండానే లేచారు.

గుమ్మంలో ఆల్ఫోన్స్‌కు కనబడుతున్నది ఇదీ: ఊరు ఊరంతా తన వైపే చూస్తూ తన నుంచి దూరమైపోతోంది. ఆ తలలన్నిటికీ పైన, భుజాల మీద, ఉర్బానయ్య కూడా తన వైపే చూస్తున్నాడు. ఆ వీధి మొత్తంలో ఆయన ముఖం చూస్తున్నది తనొక్కడే. ముప్ఫై మూడు రోజుల తరవాత ఇద్దరూ ముఖాముఖీ అయ్యారు.

ముఖం బాగాలేదు. ముక్కు మీద, ఎడమ చెంప మీద తెల్లగా బూజు పట్టింది. కంటి కింద రంగు పొంగి, పెచ్చు లేచి వేలాడుతోంది. ద్రాక్షాకు మీద బూజు తెగులు ముప్ఫై అడుగుల దూరంనుంచే పోల్చగల కళ్ళు ఆల్ఫోన్స్‌వి. ఆ కళ్ళు ఇప్పుడు అదే చూశాయి.

"ఆపండి," అన్నాడు.

ఎవరూ ఆపలేదు. ఆల్ఫోన్స్ గుమ్మం దిగి, వెనక్కి నడుస్తున్న జనంలోకి ఎదురు నడిచాడు. జనాన్ని రెండు చేతులతో పక్కకు తప్పిస్తూ పల్లకి దగ్గరకు చేరి మేయరు భుజం పట్టుకున్నాడు.

"దించు."

"వ్రతం నడుస్తోందయ్యా, ముఖం చూడకూడదు," అన్నాడు మేయరు కళ్ళు మూసుకునే.

"ఏం వ్రతం? నాకు కోపం వచ్చి తిప్పాను. నీకెప్పుడు కోపం వచ్చింది? ముందు దించు."

పల్లకి దిగింది. ఆల్ఫోన్స్ జేబురుమాలు తీసి, ఉమ్మితో తడిపి, లేతగుత్తిని తుడిచినట్టు ఆ చెంప తుడవడం మొదలుపెట్టాడు. మార్లీజ్ పరుగున వచ్చి పక్కన నిలబడింది.

"ఆ గోడ చెమ్మ గోడ," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "వానాకాలంలో గోధుమబస్తా కూడా దాని పక్కన పెట్టను. నాకు తెలుసు. తెలిసే పెట్టాను."

"నేను రోజూ దుమ్ము దులిపాను. వీపే దులిపాను."

"నెలరోజులు మూతి ఆనించి నిలబడ్డాడు. ఒక్కసారి కూడా..." అని ఆల్ఫోన్స్ ఆగిపోయాడు. రుమాలు మడిచి శుభ్రంగా ఉన్న వైపు పైకి తీశాడు. తను అడిగింది ఇవ్వలేదని కోపగించుకున్నాడు, సరే. ఇవ్వలేకపోయాడేమో అని ఒక్కసారైనా అనుకోలేదు. చెమ్మ గోడను తప్పించుకోలేనివాడు మంచును మాత్రం ఏం ఆపుతాడు? ఆ మాట అతను పైకి అనలేదు. మార్లీజ్‌కు మాత్రం, ఇన్నేళ్ళ కాపురం మూలాన, అన్నట్టే వినిపించింది. అలాంటి పునీతుడికి మొక్కడం ఎందుకని ఆమెకూ ఒక ప్రశ్న తోచింది. తోటకు వెళ్ళేముందు టోపీ ఎత్తడానికి ఒకరుండాలి కదా అనుకుని ఊరుకుంది.

ఆల్ఫోన్స్ విగ్రహాన్ని రెండు చేతులా ఎత్తి, దారివైపు తిప్పి నిలబెట్టాడు. మేయరును పక్కకు జరగమని ముందుకొమ్ము తన భుజానికి ఎత్తుకున్నాడు. ఊరివాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. తరవాత, మెడలు నొప్పెడుతున్నాయి గనక, అందరూ తృప్తిగా ముందుకు తిరిగారు.

"ఆయన ఎందుకలా చేశాడు? నాలుగు వందల ఏళ్ళ సంప్రదాయం," అని జెనీవా ఆవిడ బాధపడింది. బాప్టిస్ట్ పట్టు రుమాలు వదులు చేసుకుని దూరంగా కొండల వైపు చూశాడు. కొండల శతాబ్దం కూడా చెప్పలేదు.

పూజలో ఆల్ఫోన్స్ తోట చొక్కాతోనే ముందు వరసలో కూర్చున్నాడు. పూజ అయ్యాక ఉర్బానయ్యను ఉగెట్ ఇంటికి మోసుకెళ్ళారు. ఉగెట్ ముందుగది అలంకరించి ఉంచింది. గోడవైపు పీట వేసి, వెనక రెండు వరసల కుర్చీలు, మంగళవారం అతిథుల కోసం. ఆల్ఫోన్స్ గోడకు అరచెయ్యి ఆనించి చూసి, పీటను కిటికీ దగ్గరకు, ఎండ పడేచోటికి జరిపి, ఉర్బానయ్యను గదివైపు ముఖం పెట్టి నిలబెట్టాడు.

"రేపు వచ్చేవాళ్ళకు ఏం చూపించను అన్నయ్యా?" అంది ఉగెట్ ఏడుపు గొంతుతో.

"ముఖం చూపించు. ఇంతవరకూ వాళ్ళు చూడలేదు."

తరవాత అందరూ బయటికి వెళ్ళేదాకా ఆగి, విగ్రహం దగ్గరకు వంగి ఏదో చెప్పాడు. అది తోట సంగతులు చెప్పినట్టు నాలుగు ముక్కల్లో అయిపోలేదు. చాలాసేపు పట్టింది. గుమ్మం దగ్గర నిలబడ్డ మార్లీజ్‌కు మాటలు వినబడలేదు. వినాలని ప్రయత్నించలేదు కూడా. ఇంటికి నడుస్తుండగా మాత్రం ఉండబట్టలేక, "ఏం చెప్పావు?" అంది.

"రెండో చిగురు వేసిందని చెప్పాను."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు, ఎప్పుడూ ఏమీ అనడుగా," అన్నాడు ఆల్ఫోన్స్, కొంచెం గర్వంగా.

మరునాడు బస్సు మిట్టెల్‌రెబ్‌లో ఆగకుండా పక్క ఊరికి వెళ్ళిపోయింది. అక్కడి ఉర్బానయ్యకు కళ్ళకు గంతలు కట్టడం అయిదు వందల ఏళ్ళుగా వస్తున్న ఆచారమట, పోయిన గురువారం నుంచి.